ఫిన్స్ తీరంలో రెండు పగళ్ళు, ఒక రాత్రి



ఒమాన్ దేశంలో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. 2013 మే నెలకు ముందు గురు, శుక్రవారాలుగా ఉండేవట. మస్కట్ నగరంలో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలకు ఆ రెండు రోజులే లోకం. మిగిలిన అయిదు రోజులు కార్యాలయానికీ బడికీ సరిపోతాయి. ఎండలు తగ్గిన నవంబరు మొదలు మార్చి వరకు శుక్రవారం తెల్లవారేసరికి ఇంటింటా కార్లలోకి గుడారాలు, దుప్పట్లు, నీళ్ళ డబ్బాలు, బొగ్గుల బస్తాలు ఎక్కుతూ ఉంటాయి. వీరు దీనిని 'క్యాంపింగ్' అంటారు. మన పూర్వకవులు దండు విడియుట అని వర్ణించినది ఇంచుమించు ఇదే. ఏనుగులూ గుర్రాలూ ఉండవు, అంతే భేదం.

2023లో నేనూ మా ఆవిడా మూడు నెలలు మా అబ్బాయి దగ్గర ఉండడానికి మస్కట్ వెళ్ళాము. వాడక్కడ నిర్మాణ రంగంలో ఇంజనీరు. వానికి పదకొండేళ్ళ కూతురు, ఏడేళ్ళ కొడుకు. నవంబరు పదవ తేదీ శుక్రవారం, శోభకృత్ సంవత్సర ఆశ్వయుజ బహుళ పక్షం, దీపావళికి ఇంకా రెండు రోజులున్నది. "నాన్నా, సముద్రం ఒడ్డున ఒక రాత్రి పడుకుందాం, పొద్దున్నే నీళ్ళలో చేపలు చూద్దాం" అన్నాడు. మా ఆవిడ నా ముఖం చూసింది. ఎందుకు చూసిందో ఆమెకూ నాకూ తెలుసు. నేను "సరే" అన్నాను.

మేము వెళ్ళిన చోటు ఫిన్స్. మస్కట్ నుంచి ఖురియాత్ మీదుగా సూర్ పట్టణానికి పోయే రాజమార్గంలో గంటన్నర ప్రయాణం. ఒక ప్రక్క తూర్పు హజర్ పర్వతాలు, పచ్చదనమన్న మాట లేకుండా కాల్చిన ఇటుకల కుప్పల వలె నిలబడి ఉంటాయి. రెండవ ప్రక్క సముద్రం. కొండకూ కడలికీ నడుమ ఉన్న సన్నని నేలపట్టీ మీద రోడ్డు పోతుంది. దారిలో బిమ్మా అనే ఊరి దగ్గర ఒక పెద్ద గుండం ఉన్నది. 'హవియ్యత్ నజ్మ్' అంటారు. నజ్మ్ అంటే నక్షత్రం. ఆకాశం నుంచి చుక్క రాలి పడగా ఏర్పడిన గుండమని స్థానికుల కథ. సున్నపురాయి లోలోపల కరిగి పైకప్పు కూలగా ఏర్పడినదని శాస్త్రజ్ఞుల మాట. నాకు రెండూ అందంగానే తోచినవి. మెట్లు దిగి పాదాలు నీళ్ళలో పెడితే చిట్టి చేపలు వచ్చి వేళ్ళను కొరుకుతాయి. మనుమడు కిలకిల నవ్వుతూ ఎంతసేపటికీ పైకి రాలేదు.

ఇక్కడ ఒక చిన్న ప్రక్కదారి పడతాను, తెలుగు పంతులు జబ్బు కనుక చదువరులు మన్నించాలి. ఇదే దారిలో ఇంకొంత దూరం పోతే ఖల్హాత్ అనే శిథిల నగరం వస్తుంది. 2018లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. ఒకప్పుడు అది హోర్ముజ్ రాజ్యానికి రెండవ రాజధాని వంటిది. అరేబియా గుర్రాలు అక్కడి నుంచే ఓడలెక్కి మన దేశానికి వచ్చేవి. శ్రీనాథుడు హరవిలాసంలో అవచి తిప్పయ సెట్టి వ్యాపార వైభవాన్ని చెబుతూ పేర్కొన్న హురుమంజి గుర్రాలు ఈ హోర్ముజ్ గుర్రాలే. ఆ పద్యాన్ని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు. 'హురుమంజి' అనగానే పిల్లలు నవ్వేవారు. ఆ పేరు ధ్వని అటువంటిది. ఆ గుర్రాలు సముద్రం ఎక్కిన తీరం కారు కిటికీలో నుంచి కనిపించగలదని నేనూ అనుకోలేదు.

ఇంకొక సంగతి. మార్కో పోలో తన యాత్రా గ్రంథంలో ఈ ఖల్హాత్‌నూ వర్ణించాడు, మన మోటుపల్లినీ వర్ణించాడు. మోటుపల్లి నేలిన రాణిని ప్రస్తుతించాడు. ఆమె మన రుద్రమదేవి. ఇక్కడ ఖల్హాత్‌లో మిగిలిన ఒకే ఒక్క పెద్ద కట్టడం బీబీ మర్యమ్ సమాధి మందిరం. ఆమె కూడా భర్త గతించిన తరువాత ఆ పట్టణాన్ని పాలించిన స్త్రీ. పదమూడవ శతాబ్ది చివర, పద్నాల్గవ శతాబ్ది మొదట, ఒకే సముద్ర వాణిజ్యపు రెండు కొసలలో ఇద్దరు స్త్రీలు. ఇది మా కోడలికి చెబితే "మామయ్యగారూ, ఇది మా సోషల్ పుస్తకంలో ఎందుకు లేదు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

ఫిన్స్ చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. తెల్లని ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడ నీటిలోకి చొచ్చుకుపోయిన రాతి చట్టులు. అప్పటికే పది పన్నెండు గుడారాలు వెలసి ఉన్నాయి. మలయాళీ కుటుంబాలు, ఫిలిప్పీన్సు యువకులు, ఒక ప్రక్క ఒమానీ కుటుంబం చాప పరచుకొని కహ్వా పోసుకుంటూ ఉన్నారు. వారు మమ్మల్ని చూసి ఒక పళ్ళెం నిండా ఖర్జూరాలు పంపించారు. మా ఆవిడ ఆ పళ్ళెం ఖాళీగా ఎలా తిప్పి పంపేదంటూ అరిసెలు పెట్టి పంపింది. దీపావళికని చేసిన అరిసెలు అలా అరబ్బుల నోట పడ్డాయి. కాసేపటికి ఆ ఇంటి చిన్నపిల్ల వచ్చి మళ్ళీ అడిగి తీసుకొని వెళ్ళింది.

గుడారం దగ్గర మా అబ్బాయికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. వాడు నీటికి ముప్పై అడుగుల దూరంలో మేకులు దిగగొట్టడం మొదలుపెట్టాడు. నేను ఇసుక మీద ఎండిన నాచు గీత వెదికాను. పోటు వచ్చినప్పుడు సముద్రం ఎంతవరకు వస్తుందో ఆ గీతే చెబుతుంది. వాడి గుడారం ఆ గీతకు పైనే ఉన్నది. అయినా "ఇంకా పైకి వెయ్యి నాయనా" అన్నాను. "ఫోన్‌లో పోటు వేళలు చూశాను నాన్నా, ఇక్కడికి రాదు" అన్నాడు. "అమావాస్య దగ్గర పడుతున్నది, పోటు బలం పుంజుకునే రోజులు" అన్నాను. "అదీ లెక్కలో ఉంది" అన్నాడు. వాని లెక్క సరి అయినదే. కాని నేను కదలలేదు. మేకు చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాను. చివరికి వాడేమీ అనకుండా మేకులు పీకి రోడ్డు వైపు వంద అడుగులు పైకి తెచ్చి వేశాడు. కొండవాగు నోరు కాని చోటు చూసి మరీ వేశాడు. ఈ దేశంలో వాన ఎక్కడో కొండమీద కురిసినా వాగు ఒక్కసారిగా దిగుతుంది. వాగులో విడిది చేయరాదన్నది ఇక్కడి మొదటి పాఠం.

రాత్రి బొగ్గుల మీద వంజరం చేప ముక్కలు కాల్చారు. ఇక్కడి వారు దానిని 'కనాద్' అంటారు. మా ఆవిడ పులిహోర, గోంగూర పచ్చడి తెచ్చింది. నేను పులిహోరతో సరిపెట్టుకున్నాను. చంద్రుడు లేని రాత్రి కావడం వలన ఆకాశం నిండిపోయింది. తూర్పున సముద్రం మీద గురుగ్రహం పెద్ద దీపం వలె వెలుగుతూ నీటి మీద గీత గీస్తున్నది. దాని క్రింద కృత్తికలు. పట్నంలో పెరిగిన పిల్లలకు కృత్తికలను చూపించడం కన్న సులభమైన పాఠం లేదు. కార్తికం వస్తున్నది కదా, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చుక్కల గుంపే చెబుతుంది.

మనుమరాలు నా ప్రక్కన దుప్పటి కప్పుకొని కూర్చున్నది. వాళ్ళ బడిలో తెలుగు లేదు. ఇంట్లో మాట్లాడుతుంది, అక్షరాలు వాళ్ళమ్మ నేర్పింది. అడిగింది. "తాతయ్యా, రేపు నువ్వు నీళ్ళలోకి దిగవని నాన్న అన్నాడు. ఎందుకు దిగవు?"

"మన ఇంట్లో సముద్ర స్నానం అలవాటు లేదమ్మా" అన్నాను. నలభై ఆరేళ్ళుగా అందరికీ చెబుతున్న జవాబు అదే. మా ఊరు దివిసీమలో. సముద్రం మా ఇంటికి నాలుగు మైళ్ళు. మాఘ పూర్ణిమకు హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట వేలాది మంది స్నానాలు చేస్తారు. మా ఇంటివారు వెళ్ళరు. 1977కు ముందు వెళ్ళేవాళ్ళం.

"అలవాటు ఎందుకు లేదు?" అన్నది. పిల్లల ప్రశ్నకు వ్యాకరణం సరిగ్గా ఉంటుంది, తప్పించుకోవడానికి వీలుండదు.

అప్పుడు చెప్పాను. 1977 నవంబరు 19, శనివారం. నాకు పంతొమ్మిదేళ్ళు. కొవ్వూరులో భాషాప్రవీణ చదువుతున్నాను. తుపాను వస్తున్నదని అందరూ అనుకుంటూనే ఉన్నారు. మా ఊరిలో రేడియో ఉన్నవి రెండిళ్ళు. గాలివానలు మాకు కొత్త కాదు. ఇంటిమీద గడ్డి లేచిపోతుంది, చెట్లు పడతాయి, మళ్ళీ కప్పుకుంటాము. కాని ఆ రోజు గాలి వెనుక సముద్రమే లేచి వచ్చింది. పదిహేను, ఇరవై అడుగుల నీటి గోడ. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్క పదివేల ప్రాంతంలో ఉన్నది. మా వైపు వారెవరూ ఆ లెక్కను నమ్మరు. నేను నాలుగవ రోజున పులిగడ్డ అక్విడక్టు దాటి నడిచి ఊరు చేరాను. నాన్న, అమ్మ, అన్నయ్య తాటిచెట్లను పట్టుకొని బతికారు. నాయనమ్మ, చెల్లెలు లేరు.

"సునామీయా?" అన్నది మనుమరాలు. ఆ మాట ఈ తరం పిల్లలందరికీ తెలుసు.

"కాదు. సునామీ భూకంపం వల్ల వస్తుంది. ఇది గాలి తోసుకొచ్చిన నీరు. దీన్ని మనవాళ్ళు ఉప్పెన అంటారు."

"ఉప్పెన" అని రెండుసార్లు పలికి చూసుకున్నది. నేను నిఘంటువులో చూసి నేర్చుకోని మాటలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఇది ఒకటి. నా ఉద్యోగ జీవితమంతా పిల్లలకు పదాలకు అర్థాలు వ్రాయించాను. ఈ మాట వచ్చినచోట మాత్రం "పెద్ద అల" అని చెప్పి ముందుకు పోయేవాణ్ణి.

చెల్లెలి పేరడిగింది. చెప్పాను. వయసడిగింది. తొమ్మిది. ఆ తరువాత ఏమీ అడగలేదు. చెల్లెలు అన్నయ్య మెడ పట్టుకొని ఉన్నదనీ, అక్కడి నుంచే జారిపోయిందనీ నేను పిల్లకు చెప్పలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కసారే అమ్మ నోట వచ్చింది, 1998లో, ఆమె పోయే ముందు. గుడారం గుమ్మంలో మా అబ్బాయి కూర్చొని వింటూ ఉన్నాడని నాకు తరువాత తెలిసింది. వానికీ ఇంత వివరంగా నేనెన్నడూ చెప్పలేదు.

రాత్రి నేను నిద్రపోలేదు. పోటు వచ్చింది. అల విరిగే చప్పుడు దగ్గరయింది, మళ్ళీ దూరమయింది. టార్చి వేసి చూస్తే నీరు నాచు గీత దగ్గర ఆగింది. మొదట మావాడు మేకులు కొట్టిన చోటు పొడిగానే ఉన్నది. అయినా మరొకసారి వెళ్ళినా పైకే వేయమంటాను.

తెల్లవారుజామున సన్నని నెలవంక, దానికి పైన శుక్రుడు. అప్పుడే ఒక ముసలి బెస్తవాడు పడవ ఒడ్డుకు లాగుతూ మా దగ్గరకు వచ్చాడు. ఈ తీరంలో పెద్దవాళ్ళకు హిందీ బాగానే వచ్చు. గుడారం చూసి "మంచి చోట వేశారు" అన్నాడు. నేను మావాడి వైపు చూడలేదు, చూడాలని మాత్రం ఉన్నది. ఆయన 2007 జూన్‌లో వచ్చిన గోను తుపాను సంగతి చెప్పాడు. అరేబియా సముద్రంలో అంతవరకు నమోదైన తుపానులలో అదే బలమైనది. ఖురియాత్, సూర్ ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి, దేశంలో దాదాపు 50 మంది మరణించారు. ముందుగానే తీరం ఖాళీ చేయించారట. ఆయన పడవ పోయింది, మనుషులు మిగిలారు. "పడవ మళ్ళీ చేయించుకున్నాను" అన్నాడు. నేను మా ఊరి సంగతి రెండు ముక్కలలో చెప్పాను. ఆయన చేయి గుండె మీద పెట్టుకొని కాసేపు ఊరుకున్నాడు. తరువాత రెండు చేపలు మా బకెట్టులో వేసి, డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఎనిమిది గంటలకు పిల్లలు నీటికి సిద్ధమయ్యారు. కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దం, నోటిలో పెట్టుకొని గాలి పీల్చే వంకర గొట్టం, కాళ్ళకు బాతుపాదాల వంటి రబ్బరు చెప్పులు, తేలడానికి చొక్కా. నేను కూడా పంచె విప్పి మావాడి నిక్కరు తొడుక్కొని వచ్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు. మనుమడితో పిచ్చికగూళ్ళు కడుతున్నదల్లా ఒక్క క్షణం చేయి ఆపింది, అంతే.

మొదటి చిక్కు మీసంతో వచ్చింది. మీసం ఉన్నవారికి అద్దం ముఖానికి అతుక్కోదు, సందుల్లో నుంచి నీరు కారుతుంది. తీసేయమంటాడేమోనని భయపడ్డాను. వ్యాజలీన్ పట్టించమన్నాడు. పట్టించాను. నలభై ఏళ్ళు పిల్లలను భయపెట్టిన మీసం ఆ గతి పట్టింది.

నడుము లోతు వరకు మావాడి చేయి పట్టుకొని వెళ్ళాను. నీటి బరువు కాళ్ళకు తగలగానే గుండె దడదడ కొట్టుకున్నది. ఇది ఎవరికీ కనపడలేదనే అనుకుంటాను. "ముఖం పెట్టి ఊపిరి పీల్చు తాతయ్యా, తొందర పడకు" అని మనుమరాలు పాఠం మొదలుపెట్టింది. "కాళ్ళు కింద పెట్టకూడదు. పగడాలను తొక్కకూడదు, అవి బతికి ఉంటాయి." మా నాయనమ్మ పుస్తకం కాలికి తగిలితే అన్న గొంతు సరిగ్గా అదే.

ముఖం నీటిలో పెట్టాను.

అమరకోశంలో పగడానికి విద్రుమం, ప్రవాళం అని పర్యాయపదాలు. విద్రుమం అంటే విశిష్టమైన ద్రుమం, చెట్టు. ప్రవాళానికి చిగురు అన్న అర్థమూ ఉన్నది. పూర్వులు దానిని సముద్రంలో మొలిచే చెట్టుగా భావించారు. ఐరోపా వారు కూడా 18వ శతాబ్ది దాకా అది మొక్కేనన్నారు. అది మొక్క కాదు, లక్షలాది చిన్న చిన్న జీవులు సున్నంతో కట్టుకున్న ఊరు. ఒక్కొక్క జీవి తన చుట్టూ ఒక గది కట్టుకుంటుంది. వాని ఒంట్లోనే ఉండే నాచు ఎండను తిని వానికి తిండి పెడుతుంది. మనం ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరు జాతి, దిట్టులు కట్టే ఈ పగడం వేరు జాతి. ఇది ఎరుపు కాదు. గోధుమ, బూడిద, లేత ఊదా రంగులు. కొన్ని గుండ్రంగా మెదడు ముడతల వలె, కొన్ని దుప్పి కొమ్ముల వలె ఉన్నాయి. అవి చూస్తుంటే విద్రుమమన్న మాట నాకు ఇంకా నచ్చింది. శాస్త్రం ప్రకారం కాకపోయినా చూపు ప్రకారం అది చెట్టే.

నీటిలో వస్తువులు ఉన్నదాని కన్న మూడవ వంతు పెద్దవిగా కనబడతాయట. కళ్ళజోడు లేని నాకు అది వరమయింది. చిలుక ముక్కు చేపలు పగడపు రాతిని కొరుకుతుంటే కటకట చప్పుడు నీటిలో వినబడింది. ఆ రాతిని నమిలి ఇసుకగా విసర్జిస్తాయి. రాత్రి మేము పడుకున్న తెల్లని ఇసుకలో కొంత వాటి ప్రసాదమే కావచ్చు. పసుపు నలుపు చారలవి, సీతాకోకల వంటివి గుంపులుగా వచ్చి నా ముఖం ముందు నుంచే పోయాయి. నన్ను ఖాతరు చేయలేదు. రాతి సందుల్లో నల్లని ముళ్ళ బంతులు. వాటి జోలికి పోరాదని మనుమరాలు వేలు ఊపింది.

ఇంతలో అది నా భుజం తట్టి క్రిందికి చూపించింది. తాబేలు. మా దివిసీమ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళను చిన్నప్పుడు ఇసుక మీద చూశాను, పాపం ఎంత కష్టపడి పాకుతాయో. నీటిలో చూడడం ఇదే మొదలు. బరువన్నది లేదు. ముందు కాళ్ళు రెండూ రెక్కల వలె ఒక్కసారి ఊపి, ఏ తొందరా లేకుండా లోతులోకి దిగిపోయింది. అది కనుమరుగయిన చోట నీలం చిక్కబడి, ఆ పైన ఏమీ కనపడలేదు. అక్కడే చూస్తూ తేలుతున్నాను. గొట్టంలో నా ఊపిరి నాకే వినబడుతున్నది. చెల్లెలు జ్ఞాపకం వచ్చింది. దుఃఖం వచ్చిందని చెప్పలేను, కోపం వచ్చిందనీ చెప్పలేను. అద్దంలోకి నీరు చేరితే తల పైకెత్తవలసి వచ్చింది. మీసం వల్లనే.

అరగంట ఉన్నామట. నాకు పది నిముషాలనిపించింది. ఒడ్డుకు వచ్చాక మనుమరాలు తన నోటు పుస్తకంలో చూసిన చేపల పేర్లన్నీ వ్రాసి, తెలుగు పేర్లు చెప్పమని కూర్చున్నది. ఉన్నవాటికి చెప్పాను, లేనివాటికి ఇద్దరం కలిసి పెట్టాము. చారల చేపకు 'పంచెకట్టు' అని అదే పెట్టింది. పుట చివర 'ఉప్పెన' అని కూడా వ్రాసి ఉన్నది. 'ప' క్రింద వత్తు సరిగ్గానే పెట్టింది.

ఆ సాయంత్రం మస్కట్ చేరిన తరువాత ఊళ్ళో ఉన్న అన్నయ్యకు ఫోను చేశాను. ఆయనకు ఇప్పుడు డెబ్బయి దాటింది. ఇప్పటికీ ఆ ఊళ్ళోనే, ఆ పొలంలోనే ఉన్నాడు. పిల్లల క్షేమసమాచారాలు అయ్యాయి. "పొద్దున సముద్రంలో దిగానురా అన్నయ్యా" అన్నాను. అవతల మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అన్నాడు కొంతసేపటికి.

"లేదు. గోరువెచ్చగా ఉన్నాయి" అన్నాను.

"అట్టాగా" అన్నాడు. ఆ తరువాత వరికోతలకు కూలీలు దొరకడం లేదన్న సంగతి చాలాసేపు చెప్పాడు.